బాపు మోసిన కార్బైన్, నేను చేస్తున్న బ్లాస్టర్: ఒక ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి 16

రాణిగంజ్‌లో ఐదడుగుల పీవీసీ పైపు ముక్క కొన్నాను. పని మొదలైనట్టే, ఇక వెనక్కి పోయేది లేదు.

జూన్‌లో ఒక కాస్‌ప్లే కార్యక్రమం ఉంది, అంటే సినిమా పాత్రల వేషాలు వేసుకుని వెళ్లేది. మా గుంపులో నలుగురం స్టార్ వార్స్ మొదటి సినిమాలోని తెల్ల కవచాల సైనికులుగా, అంటే స్టార్మ్‌ట్రూపర్లుగా వెళ్తున్నాం. కవచాలు కలిసి చేసుకుంటున్నాం, ఆయుధం మాత్రం ఎవరిది వాళ్లే. సినిమాలో వాళ్ల చేతుల్లో ఉండే నల్ల తుపాకీ పేరు ఈ-11 బ్లాస్టర్. లేజర్ లాంటి ఎర్రటి గీతలు వదులుతుంది కానీ, అట్ట ఊడదీసి చూస్తే లోపల ఉన్నది నిజం తుపాకీయే. 1976లో షూటింగు జరిగినప్పుడు కొత్త ఆయుధాలు మొదటినుంచీ తయారు చేయించేంత డబ్బు ఆ యూనిట్‌కి లేదు. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో సినిమాలకు తుపాకులు అద్దెకిచ్చే బ్యాప్టీ వాళ్ల దగ్గరికి వెళ్లి, నిజం తుపాకులకే దొరికిన తుక్కు అతికించడం మొదలుపెట్టాడు. ఈ-11కి ఆధారం స్టెర్లింగ్ అనే బ్రిటిష్ సబ్‌మెషిన్ గన్, అంటే వరసగా తూటాలు కాల్చే పొట్టి తుపాకీ. బ్రిటిష్ సైన్యం దాన్ని 1953లో తీసుకుంది.

అందువల్ల నాకు కొలతల బాధ లేదు. ఊహలోంచి పుట్టిన ఆయుధమైతే సినిమా ఆపి ఆపి స్కేలు పెట్టి కొలుచుకోవాలి. స్టెర్లింగ్ కొలతలు ఎక్కడైనా దొరుకుతాయి. బట్టు, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, మడిచినప్పుడు పొడవు 48 సెంటీమీటర్లు. గొట్టం మందం 38 మిల్లీమీటర్లు. పైపుల దుకాణంలో 38 అడిగితే నవ్వాడు. 32 ఉంది, 40 ఉంది, ఏది కావాలి అన్నాడు. 40 తెచ్చాను. రెండు మిల్లీమీటర్లు ఎవరు పట్టుకుంటారో చూద్దాం.

ఫిబ్రవరి 23

ఈరోజంతా చిల్లులే.

స్టెర్లింగ్ ముందు భాగంలో బ్యారెల్ చుట్టూ చిల్లుల తొడుగు ఉంటుంది, వేడి పోవడానికి. వరసలు వరసలుగా గుండ్రటి రంధ్రాలు. కాగితం మీద గళ్లు గీసి, పైపుకి చుట్టి, ప్రతి గుర్తు మీదా మేకుతో చిన్న గుంట పెట్టి, తర్వాత డ్రిల్లు. చెప్పడానికి ఇంతే. గుండ్రటి పైపు మీద డ్రిల్లు బిట్టు జారుతుంది. జారిన ప్రతిసారీ వరస వంకర పోతుంది. ఆరో చిల్లు దగ్గర బుద్ధొచ్చి, రెండు చెక్క ముక్కల మధ్య పైపు ఇరికించి, మొదట 3 ఎం.ఎం. బిట్టుతో చిన్న చిల్లు చేసి, తర్వాత మెట్ల బిట్టుతో వెడల్పు చేశాను. అప్పటికి మొదటి వరస చూస్తే తాగినవాడు నడిచినట్టుంది.

బాల్కనీ నిండా పీవీసీ పొట్టు. తులసి కోటలో కూడా పడిందని అమ్మ ఫోన్లో పిన్నికి చెప్తోంది.

మార్చి 2

వంకర వరసకి మందు సినిమాలోనే ఉంది. ఆ చిల్లుల వరసల మీద బ్యాప్టీలో టీ ఆకారపు నల్ల ప్లాస్టిక్ పట్టీలు పరిచారు. స్టెర్లింగ్ అని చూడగానే గుర్తుపట్టకుండా చేసేది ప్రధానంగా ఆ పట్టీలే. అవే పట్టీలు ఆ సినిమా హీరో ల్యూక్ వాడే వెలుగు కత్తి, అదే లైట్‌సేబర్, పిడి మీద కూడా ఉంటాయి. ఆ పిడి అసలు గ్రాఫ్లెక్స్ అనే పాత ప్రెస్ కెమెరా ఫ్లాష్ కాడ. లండన్‌లో ఫొటో సామాన్ల దుకాణంలో రోజర్ క్రిస్టియన్‌కి దొరికింది. పట్టు కోసం పట్టీలు అతికించి, పాత క్యాలిక్యులేటర్ నుంచి తీసిన బుడగల పట్టీ ఒకటి బిగించి, కింద ఒక డీ రింగు పెట్టారు. ఆ రింగు మీదే నా ఆలోచన నిలిచిపోయింది. ఎంత మంత్రశక్తి ఉన్న కత్తయినా చేతిలో లేనప్పుడు నడుముకి వేలాడాల్సిందే. ఆ రింగు లేకపోతే ల్యూక్ సినిమా అంతా అది చేత్తో పట్టుకుని తిరగాలి.

పట్టీల కోసం అల్యూమినియం కిటికీలు చేసే షాపుకి వెళ్లాను. అద్దం బిగించే రబ్బరు బీడింగ్ ఉంటుంది కదా, దాన్ని నిలువుగా కోస్తే దాదాపు టీ ఆకారమే. మీటరు పదిహేను రూపాయలు. ఫెవిబాండ్‌తో ఆరు పట్టీలు అతికించాను. తాగినవాడి నడక మాయం.

మార్చి 16

ఎర్రగడ్డ సండే మార్కెట్. ఇలాంటి ప్రాజెక్టులున్నవాళ్లు అక్కడికి ఒంటరిగా వెళ్లకూడదు, ఆపేవాడొకడు పక్కన ఉండాలి. నేను ఒంటరిగానే వెళ్లాను.

కావాల్సింది ఒక్కటే, అంకెల కౌంటర్. ఈ-11 ఎడమ పక్క, మ్యాగజైన్ (తూటాల డబ్బా) పైన వెనగ్గా, చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. సినిమా ప్రపంచంలో అది ఏదో శక్తి కొలిచే పరికరం. నిజానికి ఫ్యాక్టరీ యంత్రాల్లో లెక్క కోసం వాడే హెంగ్‌స్ట్లర్ కౌంటర్, జర్మనీ సరుకు. ఇక్కడ దాని కోసం వెతకడం అనవసరం. పాత టూ-ఇన్-వన్ టేప్ రికార్డర్లలో మూడంకెల మీటర్ ఉండేది గుర్తుందా, పక్కన బుడిపె నొక్కితే మూడు సున్నాలకి వచ్చేది? పాడైపోయిన టూ-ఇన్-వన్ 150 రూపాయలకి వచ్చింది. మీటర్ ఊడదీశాను. బుడిపె ఇంకా పని చేస్తోంది. పని మానేసి పది నిమిషాలు నొక్కుతూ కూర్చున్నాను.

మిగతా టేప్ రికార్డర్‌ని పారేయబుద్ధి కాలేదు. మంచం కింద ఉంది. అమ్మకి ఇంకా తెలియదు.

ఏప్రిల్ 5

ఈరోజు రాసేది చాలా ఉంది.

బాపు, అంటే మా నాన్న, కరీంనగర్ నుంచి వచ్చాడు. పోలీసు శాఖలో ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై నాలుగేళ్లయింది. కన్ను ఆపరేషన్ తర్వాత చెకప్పు కోసం వచ్చాడు. అన్నం తిని, చేయి కడుక్కుని హాల్లోకి వచ్చేసరికి బ్లాస్టర్ టీపాయ్ మీద ఉంది. పైపు, చిల్లులు, పట్టీలు, చెక్కతో చెక్కిన పిడి, పక్కకి పొడుచుకొచ్చిన మ్యాగజైన్ దిమ్మె. రంగు వేయలేదు, అక్కడక్కడా ఎం-సీల్ మరకలు.

"గిదేందిరా? మా కార్బైన్ గదా!"

కాదు బాపూ, సినిమాలది, బ్లాస్టర్ అంటారని చెప్పాను.

"నీ బ్లాస్టరో గీస్టరో. పక్కకెళ్లి మ్యాగజైన్, ముంగట గీ బొక్కలు, కిందికి మడిసే బట్టు. ఇరవై ఏండ్లు మోసిన, నాకు చెప్తున్నవా?"

అప్పుడు వెలిగింది. స్టెర్లింగ్‌ని మన దేశంలో లైసెన్సు మీద కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారు చేశారు. సైన్యానికీ పోలీసులకీ వెళ్లిన ఆ 9 ఎం.ఎం. కార్బైన్ 1ఏ అంటే అదే. చిన్నప్పుడు క్వార్టర్స్ దగ్గర గార్డు డ్యూటీలో ఉన్నవాళ్ల భుజాల మీద నేను రోజూ చూసినదే. ఎనిమిదో తరగతిలో ఆ సినిమా మొదటిసారి చూసి, ఎంత కొత్తగా ఉంది ఈ తుపాకీ, ఏ గ్రహం నుంచి ఊహించారో అని ఆశ్చర్యపోయినవాణ్ని. మా గేటు దగ్గర నిలబడి ఉన్న తుపాకీని అంతరిక్షంలో చూసి గుర్తుపట్టలేకపోయాను. ఆరు ప్లాస్టిక్ పట్టీలూ పైన బిగించిన ఒక దుర్బిణీ ఎంత పని చేశాయో చూడండి.

సినిమా ముక్క ఒకటి ఫోన్లో చూపించాను. బాపు కళ్లద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చూశాడు.

"గీ తెల్ల డ్రెస్సోళ్లకు ఒక్కటన్న తగుల్తలేదేందిరా?"

"వాళ్లకి తగలదు బాపూ, అదొక జోకు."

"ఏడాదికోపారి ఫైరింగ్ ప్రాక్టీసు పెట్టరా వాళ్లకు?"

తర్వాత బ్లాస్టర్ అందుకున్నాడు. అందుకున్న పద్ధతి చూసి నాకు ఒళ్లు జలదరించింది. నేను రెండు నెలలుగా దాన్ని వస్తువులా పట్టుకుంటున్నాను, టీవీ రిమోట్ పట్టుకున్నట్టు. ఆయన పట్టుకోగానే వేలు దానంతటదే ట్రిగ్గర్ బయట గార్డు మీద ఆనింది, మూతి నేలవైపు తిరిగింది, ఎడమ చేయి చిల్లుల తొడుగు కిందికి వెళ్లింది. మ్యాగజైన్‌ని మాత్రం ముట్టుకోలేదు. "మ్యాగజైన్ పట్టుకుంటె ఉస్తాద్ వేళ్ల మీద కొట్టేటోడు" అన్నాడు. ఉస్తాద్ అంటే వాళ్లకి శిక్షణ ఇచ్చేవాడు.

సినిమాలో ఇది ఎక్కడ పెట్టుకుంటారని అడిగాడు. 1977 సినిమాలో స్టార్మ్‌ట్రూపర్లకి నడుం బెల్టు నుంచి నల్ల తోలు ఒర ఎడమ తొడ పక్కన వేలాడుతుంది. అది నాకెప్పుడూ తికమకే. మనిషి కుడిచేతి వాటమైతే ఒర కుడిపక్క ఉండాలి కదా? మా గుంపులో కూడా ఇద్దరు కుడి, ఇద్దరు ఎడమ అని వాదన నడుస్తోంది.

బాపు ఏమీ మాట్లాడలేదు. నా ప్రయాణాల సంచి బెల్టు ఊడదీసి, బ్లాస్టర్‌కి ముందొక ముడి, వెనకొక ముడి వేసి, కుడి భుజానికి తగిలించుకున్నాడు. మూతి కిందికి, దుర్బిణీ ఉండాల్సిన పైభాగం ముందుకి. మ్యాగజైన్ దిమ్మె సరిగ్గా వచ్చి పక్కటెముకల్లో పొడుచుకుంది. తీసి ఎడమ భుజానికి వేసుకున్నాడు. మ్యాగజైన్ బయటికి తిరిగింది, తుపాకీ ఒంటికి చదునుగా ఆనుకుంది.

"ఆరు గంటలు నిలవడాలంటె ఎట్ల ఏసుకుంటవు చెప్పు. నేనైతే ఎడమకే ఏసేది."

అంతే. రెండు నెలల వాదన ఒక సంచి బెల్టుతో తేలిపోయింది. స్టెర్లింగ్ మ్యాగజైన్ ఎడమకి పొడుచుకొస్తుంది. దాన్ని కుడి తొడ మీద నిలువుగా వేలాడదీస్తే అది ఒంట్లోకి గుచ్చుకుంటుంది, ఎడమ తొడ మీద వేలాడదీస్తే గాలిలోకి పోతుంది. సినిమావాళ్లు ఇదే లెక్క వేసుకుని ఎడమకి పెట్టారో, కాకతాళీయమో, నేను చెప్పలేను. కానీ సినిమాలో ఆ మ్యాగజైన్‌ని పొట్టిగా మార్చడం కూడా నాకు ఇప్పుడు వేరేగా కనిపిస్తోంది. అసలు స్టెర్లింగ్ మ్యాగజైన్ 34 తూటాలది, అరటిపండులా వంగి ఉంటుంది. దాన్ని పెట్టుకుని ఆ సన్నని సెట్ల తలుపుల్లోంచి పరిగెత్తమంటే ప్రతి గుమ్మానికీ తగులుకునేది.

ఇవాళ్టికి చాలు. బాపు మూడు రోజులు ఉంటాడు.

ఏప్రిల్ 6

ఒర నమూనాలు. ముందు అట్టతో.

నా తప్పు ఏమిటంటే, తుపాకీ మొత్తం లోపలికి వెళ్లేలా సంచిలాంటి ఒర గీశాను. దుర్బిణీ, కౌంటర్, మ్యాగజైన్, అన్నీ పట్టాలంటే ఒర బస్తా అంత అయింది. బాపు చెప్పకముందే అమ్మ చెప్పింది: "మొత్తం ఎందుకు ముయ్యాలిరా, ముక్కు దూరితే చాలదా?" చాలు. బ్యారెల్ తొడుగు, దాని కింద మడిచిన బట్టు, ఈ రెండూ మాత్రమే ఒరలోకి దిగుతాయి. మ్యాగజైన్ దిమ్మె ఒర అంచు మీద కూర్చుని, అంతకంటే కిందికి జారకుండా ఆపుతుంది. పొడుచుకొచ్చి విసిగించిన ముక్కే ఇప్పుడు కొక్కెం.

ఇంకో సంగతి. ఈ హెల్మెట్ పెట్టుకుంటే మనిషికి తన నడుము తనకి కనపడదు. ఎదురుగా చిన్న కిటికీ అంత కనిపిస్తుంది, కిందికి చూస్తే గడ్డం దగ్గర ప్లాస్టిక్. కాబట్టి ఒరని చేత్తో తడిమి కనుక్కోవాలి. కళ్లు మూసుకుని ఇరవైసార్లు పెట్టి తీశాను. ఒర మూతి గుండ్రంగా ఉంటే ప్రతిసారీ వెతుకులాటే. వెనక అంచు ముందు అంచు కంటే రెండు వేళ్లు ఎత్తుగా కోస్తే, తుపాకీ మూతి దానికి తగిలి దానంతటదే లోపలికి జారుతోంది.

సోఫాలు కుట్టే షాపులో నల్ల రెక్సిన్, లోపల 5 ఎం.ఎం. ఫోమ్. ఒర కుట్టడానికి 400 అన్నాడు. తోలైతే బాగుండేది, బడ్జెట్ లేదు.

మా గుంపులో ఒకడు వీడియో గేముల మనిషి. ఒరలూ బెల్టులూ ఎందుకు, వీపు మీద అయస్కాంతం పెట్టు, ఠక్కున అతుక్కుంటుంది అన్నాడు. మాస్ ఎఫెక్ట్‌లో, హేలోలో అలాగే వీపుకి అతుక్కుంటాయి. గేములో చేతికి ఎముకలు లేవు, ఎంత వెనక్కైనా తిరుగుతుంది. కవచం వేసుకుని వీపు మీదికి చేయి పెట్టి చూడు నాయనా అన్నాను. పెట్టాడు. భుజం పట్టేసింది. తెరమీద ఆయుధం మోసే ఏర్పాట్లలో నాకు బాగా నచ్చింది 1966లో మొదలైన స్టార్ ట్రెక్ సీరియల్‌ది. ఆ యూనిఫాంకి బెల్టే లేదు. అందులోని ఆయుధం ఫేజర్‌ని నడుం దగ్గర వెల్‌క్రోతో అంటించేవాళ్లు. చిన్న ఫేజర్ పిస్తోలు ఫేజర్ పైన ఇమిడిపోతుంది కూడా, అన్నం గిన్నె మీద కూర గిన్నె పెట్టినట్టు. అంత తేలిక వస్తువుకి అంత తేలిక ఏర్పాటు. నాది మాత్రం అరమీటరు ఇనప సామాను లాంటిది, వెల్‌క్రో మోయదు.

మే 4

దుర్బిణీ చచ్చింది.

ఈ-11 పైన ఉండేది రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా ట్యాంకుల్లో గురి చూడటానికి వాడిన ఎం-38 టెలిస్కోపు. అది దొరికే ప్రశ్నే లేదు. అందుకని దాని 3డీ మోడల్ సంపాదించి, ఒక షాపులో పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ప్రింటు చేయించాను. 900 రూపాయలు. తెచ్చి కారులో వెనక సీట్లో పెట్టి, ఎండలో పార్క్ చేసి, పెళ్లికి వెళ్లాను. మూడు గంటల తర్వాత వచ్చేసరికి దుర్బిణీ దోసకాయలా వంగిపోయింది.

పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అద్దాలు మూసిన కారు మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో ఎంత వేడెక్కుతుందో నాకు తెలియనిదా? తెలుసు. అయినా పెట్టాను. వేడినీళ్లలో ముంచి నిఠారు చేద్దామని చూస్తే, వంపు పోయి మెలిక వచ్చింది.

సాయంత్రం కోపంగా మళ్లీ పైపుల షాపుకే వెళ్లి 25 ఎం.ఎం. కండ్యూట్ ముక్క, రెండు కప్లింగులు, ఒక రెడ్యూసర్ తెచ్చాను. మొత్తం 70 రూపాయలు. గంటలో దుర్బిణీ తయారైంది. ప్రింటు చేసినదాని కంటే ఇదే బాగుంది, నిజంగా ఏదో యంత్రం నుంచి పీకి తెచ్చినట్టుంది. ఆ సినిమావాళ్లు చేసినదీ ఇదే కదా, పీకి తెచ్చి అతికించడం. నేనే మధ్యలో కంప్యూటర్ వైపు దారి తప్పాను.

మే 11

రంగు.

స్టెర్లింగ్ మీద నున్నటి నలుపు ఉండదు. ముడతలు ముడతలుగా, చేతికి గరుగ్గా తగిలే నల్ల రంగు. ఆ ముడతల పెయింటు డబ్బా ఇక్కడ దొరకలేదు. దొరికినా పీవీసీని ఓవెన్‌లో పెట్టలేను, దుర్బిణీ కథ అయిపోయింది కదా.

ముక్కల మీద ప్రయోగాలు చేశాను. సోడా ఉప్పు చల్లితే రంగులో కరిగి నురగ మచ్చలైంది. ఇసుక జల్లించి చల్లితే మరీ రోడ్డులా ఉంది. చివరికి పనికొచ్చింది ముగ్గుపిండి. మాట్ నలుపు స్ప్రే ఒక పూత వేసి, అది తడిగా ఉండగానే పాత బనీను గుడ్డలో ముగ్గుపిండి మూటకట్టి పైన తడుతూ పోవాలి. అరగంట ఆరాక బ్రష్‌తో దులిపి, ఇంకో రెండు పూతలు. కళ్లు మూసుకుని తడిమితే చిన్నప్పుడు దొంగతనంగా ముట్టుకున్న ఆ గరుకే.

ముగ్గు డబ్బా సగం ఖాళీ. "రేపు వాకిట్లో నీ తుపాకీ పెట్టుకో" అంది అమ్మ.

మే 18

అరుగుదల వేయడం. రంగు ఊడి లోపలి లోహం బయటపడినట్టు వెండి రంగుతో మరకలు వేస్తారు. పొడి బ్రష్‌తో అంచుల మీద అలా అలా రుద్దుతారు. ఎవరి వీడియో చూసినా అన్ని అంచులూ సమానంగా మెరుస్తుంటాయి. నేనూ అలాగే వేసి ఫొటో బాపుకి వాట్సాప్ చేశాను.

ఫోన్ చేశాడు. "గన్నిచోట్ల ఎందుకు పోయిందిరా రంగు? ఎలుకలు కొరికినయా?"

ఎక్కడెక్కడ పోతుందో వరసగా చెప్పించుకుని రాసుకున్నాను. కుడిపక్క కాకింగ్ హ్యాండిల్ జరిగే గాడి అంచులు, రోజూ వెనక్కి లాగి చూపించాలి కాబట్టి. బట్టు మడత దగ్గర. మ్యాగజైన్ దూర్చే మూతి చుట్టూ. బెల్టు కొక్కెం రుద్దే చోట ఒక నెలవంక. మూతి కొస, గోడకి ఆనించి పెట్టి పెట్టి. ఆయన ఎడమ భుజానికే వేసుకునేవాడు కాబట్టి తొడుగు ఒకవైపే అరిగేదట, ఖాకీ బట్ట రుద్దుకుని, మిగతాదంతా నల్లగా ఉండేదట. పిడి మీద రంగు పోదు, చెమటకి నున్నగా మెరుస్తుంది.

వేసిన వెండి అంతా నల్లరంగుతో కప్పి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఆరు చోట్లే. మెరుపు కోసం పిడికి కొబ్బరినూనె చేత్తో రుద్దాను, వారం నుంచీ రోజూ.

మే 25

బరువు గురించి.

మొత్తం బిగించాక కాటా మీద పెడితే 920 గ్రాములు. అసలు స్టెర్లింగ్ ఖాళీగా 2.7 కిలోలు. తేలికగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను, వీడియో తీసుకుని చూసుకునేదాకా. వీడియోలో నేను అట్టముక్క ఊపుతున్నట్టున్నాను. తిరిగినప్పుడు తుపాకీ నాకంటే ముందే తిరుగుతోంది, ఆపినప్పుడు టక్కున ఆగుతోంది. బరువున్న వస్తువు అలా కదలదు. మోచేయి ఒంటికి దగ్గరికొస్తుంది, భుజం కొంచెం దిగుతుంది. నటించి చూపిద్దామంటే రెండు నిమిషాల తర్వాత మర్చిపోతాం.

ఈ విషయంలో 1986లో వచ్చిన ఏలియన్స్‌కి దణ్ణం పెట్టాలి. అందులో స్మార్ట్‌గన్ అని ఒక పెద్ద ఆయుధం ఉంది, ఎంజీ-42 అనే జర్మన్ మెషిన్ గన్ మీద కట్టింది. చేతులతో మోయడం కష్టమని దాన్ని స్టెడీక్యామ్ చట్రానికి బిగించారు, కెమెరామన్ ఒంటికి కట్టుకుని తిరిగే అదే చట్రం. మోయడానికి వెతికిన ఉపాయమే ఆయుధం రూపమైపోయింది. దాన్ని మోసే పాత్రల నడకే మారిపోయింది, నడుము నుంచి ఊగుతూ, మెల్లగా, బరువుగా. అలాంటి నడక వట్టి చేతులతో నటించి తెప్పించలేం.

నా దగ్గర స్టెడీక్యామ్ లేదు. లేత్ షాపులో 25 ఎం.ఎం. ఇనప కడ్డీ, 15 సెంటీమీటర్ల ముక్క కోయించాను. దాదాపు 580 గ్రాములు. స్టెర్లింగ్ లోపల ముందుకీ వెనక్కీ కదిలే బరువైన ఇనప దిమ్మె (బోల్టు) ఎక్కడ ఉంటుందో సుమారుగా అక్కడే, పిడికి పైన, ఫోమ్ చుట్టి బిగించాను. మొత్తం కిలోన్నర. అంతకంటే పెంచితే లోపలికి రానివ్వరు, ప్రాపులు, అంటే ఇలాంటి ఉత్తుత్తి ఆయుధాలు, తేలిగ్గా ఉండాలని నియమం. కానీ బరువు ఎంతన్నదాని కంటే ఎక్కడన్నదే ముఖ్యమనిపించింది. ఇంతకుముందు మూతి కిందికి వాలేది, ఇప్పుడు పిడి మీద తూగుతోంది.

మళ్లీ వీడియో. ఈసారి తుపాకీ కంటే నేనే ముందు తిరిగాను.

జూన్ 8

రెక్సిన్ ఒర వచ్చింది. వెనక అంచు ఎత్తుగా కోయమని గీసిచ్చాను కదా, కుట్టిన అతను అది పొరపాటనుకుని సమంగా కత్తిరించాడు. ఇంటికొచ్చి పాత బూటు నాలుక కోసి అతికించుకున్నాను.

కార్యక్రమానికి ఎలా తీసుకెళ్లాలన్నది ఇంకో తలనొప్పి. మెట్రోలో స్కానర్ ఉంటుంది. బైక్ మీద వీపుకి తగిలించుకుని పోదామని నా మిత్రుడి సలహా. బాపుకి చెప్తే ఫోన్లోనే గొంతు మారిపోయింది. "చీకట్ల నాకాబందీ కాడ నిలవడ్డోనికి గది బొమ్మని ఎట్ల తెలుస్తది? నాకే తెల్వలే." నిజమే. మొదటి రోజు టీపాయ్ మీద చూసి కార్బైన్ అన్న మనిషి ఆయన, అదీ రంగు లేకుండా. ఇప్పుడు ముగ్గుపిండి గరుకు, ఎడమవైపు అరుగుదల, అన్నీ ఆయన చెప్పినట్టే ఉన్నాయి.

అమెరికాలో బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు ఉండాలని చట్టమే ఉంది, సినిమా షూటింగులకి మినహాయింపు. నేనూ నారింజ రంగు టోపీ ఒకటి చేసుకున్నాను. నీళ్ల సీసా మూతే, రుద్ది రంగేశాను. లోపల ఫొటోల దాకా అది మూతి మీదే ఉంటుంది. తుపాకీ మూడు ముక్కలుగా ఊడేలా చేశాను: దుర్బిణీ, మ్యాగజైన్, మిగతాది. క్రికెట్ కిట్ బ్యాగులో ప్యాడ్ల మధ్య పెట్టుకుని క్యాబ్‌లో వెళ్లడం. మ్యాగజైన్ పొట్టిది కాబట్టి హెల్మెట్‌లోనే పట్టింది.

జూన్ 15

నిన్న అయిపోయింది. గేటు దగ్గర పరీక్షించే అబ్బాయి బరువు చూశాడు, మూతిలోకి టార్చి వేసి అడ్డంగా ఫోమ్ ఉందని చూశాడు, ఒక టాగు కట్టాడు. బయటికి తీస్తే మళ్లీ బ్యాగులోనే అన్నాడు.

ఒర పని చేసింది. ఎడమ ఒరలు ఉన్నవాళ్లం ఇద్దరం హాయిగా కూర్చున్నాం కూడా. కుడికి కట్టుకున్న ఇద్దరూ మధ్యాహ్నానికి తొడ మీద ఎర్రటి గీతలు చూపించారు. అయస్కాంతం అబ్బాయి వాళ్లలో ఒకడు. మూడు గంటలకి నా రబ్బరు పట్టీ ఒకటి ఎండకి ఊడిపోతే ఫెవిక్విక్‌తో అక్కడే అంటించాను, వేలు కూడా అంటుకుంది. ఓ పిల్లాడు కౌంటర్ బుడిపె నొక్కి మూడు సున్నాలు రావడం చూసి, మళ్లీ మళ్లీ వచ్చి నొక్కిపోయాడు. మొత్తం మీద ఎవరూ పైపు మందం 40 అని పట్టుకోలేదు.

రాత్రి ఫొటోలు పంపించాను. బాపు ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసినట్టున్నాడు, అరగంట తర్వాత ఫోన్ చేశాడు. ఫొటో నాలుగులో ఎడమ చేయి మ్యాగజైన్ మీద పెట్టానట, ఉస్తాద్ ఉంటే వేళ్లు విరిగేవట. అది చెప్పి, కాసేపు అమ్మతో మాట్లాడి, మళ్లీ నన్ను పిలిచాడు.

"ఇంకోటి చేస్తవా? పట్టీలు వద్దు, దుర్బిణీ వద్దు. మ్యాగజైన్ మటుకు నిండుగ పెట్టు, వంకరది."

ఇంట్లో గోడకి పెట్టుకుంటాడట. పైపు ఇంకా మూడున్నర అడుగులు మిగిలి ఉంది. వంకర మ్యాగజైన్‌కి ఏం వాడాలో ఆలోచించాలి. ఆ వంగిన దుర్బిణీ ఇంకా పారేయలేదు, ఒకసారి పక్కన పెట్టి చూస్తాను. ముగ్గుపిండి కొత్త ప్యాకెట్ తేవాలి, రెండు.